రాతిని కొలిచే వెలుగు

2010 మార్చి 16 రాత్రి ఉగాండా రాజధాని కంపాలాలో కసుబి సమాధుల ప్రధాన మందిరం కాలిపోయింది. 1882లో రాజభవనంగా లేచి, ఆ తర్వాత బుగాండా రాజులు నలుగురికి సమాధి మందిరమైన కట్టడం అది. కర్ర, రెల్లు, గడ్డితో అల్లిన ఆ గుండ్రటి కప్పుకు నిప్పంటుకున్నాక ఆపడం ఎవరి వల్లా కాలేదు. అయితే అంతకు ముందు ఏడాదే సైఆర్క్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ మందిరాన్ని లేజర్ స్కానర్‌తో కొలిపించి పెట్టుకుంది. కప్పు వంపు ఎంత, స్తంభానికీ స్తంభానికీ ఎడం ఎంత అన్న వివరాలు నిప్పు చేరలేని చోట భద్రంగా ఉండిపోయాయి.

అదే 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురం అది. దాని గోడల్లో పగుళ్ళు కొత్తవి కావు, తెలియనివీ కావు. ఆ చోటనే కొత్త గోపురం లేచి 2017లో ప్రతిష్ఠ కూడా జరుపుకుంది. కానీ అయిదు వందల ఏళ్ళ నాటి ఇటుక పేర్పు, సున్నపు పని, గారబొమ్మల ముక్కుతీరు ఇక తిరిగి రావు.

సరిగ్గా ఆ 2010లోనే పారిస్‌లో ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ కళాచరిత్ర ఆచార్యుడు నోత్రదామ్ చర్చిలో స్కానర్ బిగించాడు. లోపలా బయటా యాభైకి పైగా చోట్ల యంత్రాన్ని నిలబెట్టి వంద కోట్లకు మించిన బిందువులను సేకరించాడు. ఆయన 2018 నవంబరులో కన్నుమూశాడు. 2019 ఏప్రిల్ 15న చర్చి పైకప్పు కాలి కూలినప్పుడు, ప్రపంచమంతా మొదట వెతికింది ఆయన వదిలివెళ్ళిన కొలతల కోసమే.

గత పాతికేళ్ళలో పురాతన కట్టడాల లేజర్ స్కానింగ్ ఎంతో దూరం వచ్చింది. యంత్రాలు చవకయ్యాయి, వేగం పెరిగింది, అడవుల కింద దాగిన నగరాలు బయటపడ్డాయి. కొలవడమన్నది ఈ రంగంలో ఇక పెద్ద సమస్య కాదు. ఎప్పుడు కొలవాలి, కొలిచినదాన్ని ఎవరు దాచాలి, ఎవరికి చూపాలి, రెండోసారి ఎప్పుడు కొలవాలి అన్నవే అసలు చిక్కులు. వాటిలో చాలావాటికి జవాబులు ఇంకా కుదరలేదు.

పద్ధతి మూలసూత్రం మాత్రం చాలా సరళం. యంత్రం ఒక వెలుగు తునకను గోడ మీదికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. వెలుగు వేగం తెలుసు గనక దూరం తెలిసిపోతుంది. రెండు మిల్లీమీటర్ల తేడా పట్టుకోవాలంటే సెకనులో లక్ష కోట్లవ వంతులను, అలాంటివి పదమూడింటిని, లెక్కపెట్టగలగాలి. తిరిగొచ్చిన వెలుగు తరంగం ఎంత జరిగిందో చూసి దూరం కట్టే యంత్రాలూ ఉన్నాయి. చిన్న శిల్పాలకైతే లేజర్ గీతను రాతి మీద పడేసి, పక్కనున్న కెమెరాతో దాని వంపును చూసి లెక్కగట్టే త్రికోణ పద్ధతి మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది. యంత్రం తల గుండ్రంగా తిరుగుతూ, లోపలి అద్దం పైకీ కిందికీ తిరుగుతూ ఉంటే, చుట్టూ ఉన్న ప్రతి తలం బిందువులుగా నమోదవుతుంది. తొలి తరం యంత్రాలు సెకనుకు వెయ్యి బిందువుల స్థాయిలో పనిచేసేవి. ఇప్పటివాటిలో కొన్ని సెకనుకు ఇరవై లక్షలు తీస్తాయి.

ఒక్క చోట నిలబడితే స్తంభం వెనక ఏముందో యంత్రానికి కనబడదు. అందుకే దాన్ని పదుల చోట్లకు, ఒక్కోసారి వందల చోట్లకు మార్చి పెడతారు. అన్ని చోట్ల నుంచీ కనిపించేలా గోళాలో, గళ్ళ అట్టలో అమర్చి, వాటి ఆధారంగా ముక్కలన్నిటినీ కంప్యూటరులో ఒకటిగా కలుపుతారు. అలా కలిసిన కోట్లాది బిందువుల రాశినే పాయింట్ క్లౌడ్ అంటున్నారు. అందులోంచి అడ్డుకోతలు, నిలువుకోతలు, ప్లానులు, త్రిమితీయ నమూనాలు ఎన్నైనా తీసుకోవచ్చు. స్థలం దగ్గర వారం పని అయితే బల్ల ముందు నెలల పని. బయటివాళ్ళకు కనిపించని ఈ రెండో భాగమే ఖర్చులోనూ శ్రమలోనూ పెద్దది.

ఈ యంత్రాన్ని చారిత్రక కట్టడాల వైపు మళ్ళించినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది బెన్ కాసిరా గురించి. ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన సివిల్ ఇంజనీరు ఆయన. 1990లలో సైరా టెక్నాలజీస్ అనే కంపెనీ పెట్టి, కర్మాగారాలను, వంతెనలను కొలవడానికి పనికొచ్చే స్కానర్‌ను తయారుచేయించాడు. 2001లో ఆ కంపెనీ లైకా చేతికి వెళ్ళింది. అదే ఏడాది మార్చిలో తాలిబన్లు బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చివేశారు. ఒకటి 55 మీటర్లు, మరొకటి 38 మీటర్లు. పదిహేను వందల ఏళ్ళ నాటి శిల్పాలు. ఆ ఘటన కదిలించిన కాసిరా, భార్య బార్బరాతో కలిసి 2003లో సైఆర్క్ ప్రారంభించాడు. బామియాన్ విషయంలో చివరికి అక్కరకొచ్చినవి 1970లో ఆస్ట్రియా పరిశోధకుడొకరు కొలతల కోసమే తీసిన ఫొటోలు. వాటి ఆధారంగానే జ్యూరిక్‌లోని ఈటీహెచ్ శాస్త్రవేత్తలు పెద్ద బుద్ధుడి రూపాన్ని కంప్యూటరులో తిరిగి కట్టారు.

ఫొటోల నుంచి కొలతలు రాబట్టే ఈ విద్య, ఫొటోగ్రామెట్రీ, లేజర్‌కు పోటీ అనుకుంటే పొరపాటు. లేజర్ కొలత నమ్మకంగా ఇస్తుంది. రంగు, మెరుపు, రాతి చర్మం ఫొటోలు బాగా ఇస్తాయి. నేటి మంచి బృందాలన్నీ రెండూ కలిపే వాడుతున్నాయి.

కళాచరిత్రకారులను ఈ యంత్రం మొదట ఆశ్చర్యపరిచింది ఫ్లారెన్స్‌లో. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ లెవాయ్ బృందం 1999లో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని పావు మిల్లీమీటరు సూక్ష్మతతో స్కాన్ చేసింది. తీరా లెక్కలు చూస్తే విగ్రహం ఎత్తు 5.17 మీటర్లు. కళాచరిత్ర పుస్తకాల్లో 4.34 అని అచ్చవుతూ వచ్చింది. ప్రపంచంలో అందరికంటె ఎక్కువమంది చూసిన శిల్పాల్లో ఒకటైన డేవిడ్‌కే గతి అదైతే, మారుమూల గుట్ట మీది గుడి కొలతలను ఎంతవరకు నమ్మవచ్చో ఊహించుకోవచ్చు.

అయితే యంత్రం రాకముందు కొలిచినవాళ్ళను తక్కువ చేయడం అన్యాయం. తెలుగు నేల మీద అందుకు గొప్ప సాక్ష్యం అమరావతి. సర్వేయరు కాలిన్ మెకంజీ 1790ల చివర్లో మొదటిసారి అక్కడికి వెళ్ళాడు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్న రోజులవి; స్తూపం దిబ్బలోని రాయి మెట్లకూ గోడలకూ పోతోంది. 1816-17లో మెకంజీ తన చిత్రకారుల చేత మిగిలిన ఫలకాలను ఒక్కొక్కటిగా గీయించాడు, స్థలం ప్లాను వేయించాడు. ఆ బొమ్మల పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని కొన్ని శిల్పాలు ఆ తర్వాత మరి కనబడలేదు. వాటికి మిగిలిన రూపం ఆ కాగితం మీది గీతే. 1858లో మద్రాసులో లిన్నేయస్ ట్రైప్ తీసిన ఫొటోలు ఆ తర్వాతి మెట్టు. ఫలకాలు చెన్నై మ్యూజియంలో కొన్ని, లండన్‌లో కొన్ని, అమరావతిలో కొన్నిగా చెదిరిపోయిన స్తూపం అది. మూడు చోట్ల ముక్కలనూ ఒకే సూక్ష్మతతో స్కాన్ చేసి, మెకంజీ ప్లాను మీద పేర్చి చూడటం ఇవాళ సాధ్యమైన పని. విరిగిన అంచుకు విరిగిన అంచు ఎక్కడ అతుకుతుందో కంప్యూటరు వెతికి చూపగలదు. లేజర్ స్కానింగ్ తెలుగువాళ్ళకు ఇవ్వగల కానుకల్లో ఇంతకన్నా పెద్దది మరొకటి కనిపించదు.

మెకంజీ చిత్రకారుడికీ స్కానర్‌కూ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. చిత్రకారుడు గీసేముందు చూస్తాడు. ఇది పద్మం, ఇది పూర్ణఘటం, ఇది విరిగిన చెయ్యి అని ఆలోచించి గీత పెడతాడు. స్కానర్‌కు పద్మమూ పగులూ ఒకటే. అందుకే అనుభవమున్న పురావస్తు శాస్త్రవేత్తలు పాయింట్ క్లౌడ్ చేతికొచ్చినా పెన్సిలు వదలరు. కొలత యంత్రానిది, చదవడం మనిషిది. ఈ రెండో పనికి మనుషులను తయారుచేయకుండా యంత్రాలు మాత్రమే కొన్న చోట హార్డ్ డిస్కులు నిండుతాయి, ఒక్క మంచి డ్రాయింగూ రాదు.

చదివే కన్ను ఉంటే ఎంత దొరుకుతుందో స్టోన్‌హెంజ్ చెబుతుంది. శతాబ్దాలుగా కొలిచి, గీసి, ఫొటోలు తీసి అలసిపోయిన రాళ్ళవి. ఇంగ్లిష్ హెరిటేజ్ కోసం చేసిన స్కానును 2012లో విశ్లేషించినప్పుడు, కంచు యుగపు గొడ్డలి బొమ్మలు 71 కొత్తగా బయటపడ్డాయి. రాతి మీద అరిగిపోయి కంటికి ఆనని లోతులవి. ఈశాన్యం నుంచి వచ్చేవాళ్ళకు ఎదురుగా ఉండే ముఖాలను మిగతావాటి కన్నా శ్రద్ధగా చెక్కి నునుపు చేశారన్నది కూడా ఆ స్కానుతోనే తేలింది. కట్టినవాళ్ళు ఎటునుంచి చూడాలని ఆశించారో రాతి తీరే చెప్పింది.

నోత్రదామ్‌లో టాలన్ చదివింది మరో రకం కథ. పశ్చిమ ముఖభాగంలో రాజుల విగ్రహాల వరుస దాదాపు ఒక అడుగు మేర నిలువు తప్పి ఉందని ఆయన కొలతలు చూపాయి. మధ్యయుగపు మేస్త్రీలు నేల కుంగడం గమనించి, పని ఆపి, నేల స్థిరపడే దాకా ఆగారని ఆయన ఊహ. మంటల తర్వాత ఫ్రెంచి బృందాలు మళ్ళీ స్కాన్ చేసి, పాత కొలతలతో పోల్చి, ఏ కమాను ఎంత కదిలిందో తేల్చుకున్నాయి. ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థ సీఎన్ఆర్ఎస్‌లో లివియో దె లూకా నాయకత్వంలో ఆ సమాచారాన్నంతా ఒక చోట చేర్చారు. కాలిపోయిన ఓక్ దూలాల కప్పును 2014లో ఇద్దరు వాస్తుశిల్పులు దూలం దూలం కొలిచి గీసిన పటాలు కూడా అప్పుడు ఆదుకున్నాయి. చర్చి 2024 డిసెంబరులో తెరుచుకుంది. స్కాన్ ఒక్కటే దాన్ని తిరిగి కట్టలేదు. గొడ్డలితో దుంగలు చెక్కిన వడ్రంగులు, రాతి పనివాళ్ళు కట్టారు. వాళ్ళు తడుముకోకుండా చేసింది కొలత.

స్కానింగ్‌కు జనం ఎక్కువగా ముడిపెట్టే మాట భద్రపరచడం. కానీ దాని అసలు బలం పోల్చడంలో ఉంది. ఒకసారి తీసిన స్కాన్ ఒక్క ఫొటో లాంటిది. అయిదేళ్ళకోసారి తీస్తే, ఏ గోడ ఎటు వాలుతోంది, ఏ పగులు ఎంత తెరుచుకుంది, ఏ శిల్పం ముఖం ఎంత అరిగింది అన్నది మిల్లీమీటర్లలో తెలుస్తుంది. మయన్మార్‌లోని బగాన్‌లో సైఆర్క్ 2016లో ఆనంద ఓక్ చౌంగ్ అనే ఇటుక విహారాన్ని కొలిచింది. ఆ ఆగస్టు 24న భూకంపం వచ్చింది. మళ్ళీ వెళ్ళి కొలిచి, ముందు వెనకలు పోల్చగలిగారు. గోపురాలు, కోటగోడలు, చెరువు తూములు ఎన్నో పగుళ్ళతో నిలిచి ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఈ రెండోసారి కొలతే మొదటిదాని కన్నా ముఖ్యం.

ఇంతవరకూ చెప్పింది నేల మీద నిలబెట్టే యంత్రం సంగతి. విమానానికో, హెలికాప్టరుకో, ఇప్పుడైతే డ్రోనుకో కట్టిన లేజర్, లైడార్, పురావస్తు శాస్త్రాన్ని మరింత పెద్ద మలుపు తిప్పింది.

పై నుంచి కురిసే లక్షలాది వెలుగు తునకల్లో చాలావరకు ఆకుల మీదే ఆగి వెనక్కి పోతాయి. ఆకుల సందుల్లోంచి కొన్ని మాత్రం నేలను తాకి తిరిగొస్తాయి. అలా చివరగా వచ్చినవాటిని వేరుచేస్తే, చెట్లన్నిటినీ ఒలిచి పక్కన పెట్టినట్టు నేల రూపం బయటపడుతుంది. అరఅడుగు ఎత్తు గట్టు, పూడిపోయిన కాలువ, కూలిన ఇంటి పునాది కూడా నీడలు వేసి చూస్తే గీతల్లా తేలతాయి.

బెలీజ్ అడవిలోని కరకోల్ అనే మాయా నగరంలో ఆర్లెన్ చేజ్, డయాన్ చేజ్ దంపతులు 1985 నుంచి పని చేస్తున్నారు. పాతికేళ్ళు కత్తులతో తుప్పలు నరుక్కుంటూ నేల మీద వాళ్ళు పటం గీయగలిగింది సుమారు 23 చదరపు కిలోమీటర్లు. 2009 ఏప్రిల్‌లో విమానం నాలుగు రోజులు తిరిగి 200 చదరపు కిలోమీటర్లు కొలిచింది. పొలాల మెట్లు, దారులు, ఇళ్ళు అడవి కిందంతా పరుచుకుని కనిపించాయి. మాయా పరిశోధన ఆ ఏడాదికి ముందు, ఆ తర్వాత అని చీలిపోయిందంటే అతిశయోక్తి కాదు. 2016లో ఉత్తర గ్వాటెమాలా మీద 2,100 చదరపు కిలోమీటర్లకు పైగా ఎగిరిన సర్వేలో 60 వేలకు మించిన కట్టడాలు లెక్కతేలాయి. ఆ పరిశోధకుల అంచనాలో మాయా లోతట్టు ప్రాంత జనాభా 70 లక్షల నుంచి 1.1 కోట్ల దాకా ఉండేది. ఖాళీ అడవి మధ్య ఒంటరి గుళ్ళు అన్న పాత బొమ్మ చెరిగిపోయింది.

కంబోడియాలో డామియన్ ఎవాన్స్ నాయకత్వాన 2012లో జరిగిన హెలికాప్టరు సర్వే తెలుగు పాఠకులకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. అంగ్కోర్ గుళ్ళ చుట్టూ ఉన్న ఖాళీ నేల ఖాళీ కాదని, అక్కడ గళ్ళుగా వీధులు, ఇళ్ళ దిబ్బలు, కుంటలు ఉన్నాయని అది చూపింది. కులెన్ కొండ మీద, రెండో జయవర్మ కాలపు మహేంద్రపర్వత నగరం గీతలు తేలాయి. రాతిగుడి నిలిచింది, చుట్టూ ఉన్న కొయ్య ఇళ్ళ ఊరు మట్టిలో కలిసింది. హంపిలోనూ, ఓరుగల్లులోనూ, ఘనపురం కోటగుళ్ళ చుట్టూనూ అడగవలసిన ప్రశ్న ఇదే: గుడి ఎవరి మధ్య నిలబడింది?

ఈ విజయాల వెనక ఒక చేదు కూడా ఉంది. పటంలో గీత కనిపించినంత మాత్రాన అది నగరం కాదు. నేల మీదికి వెళ్ళి చూడాలి, తవ్వి కాలం తేల్చాలి. విలేఖరులు ‘పోయిన నగరం దొరికింది’ అని రాసినచోట, ఆ అడవి పక్కనే తరాలుగా బతుకుతున్నవాళ్ళకు ఆ దిబ్బలు తెలిసే ఉంటాయి. నిధి దొంగలకు కూడా ఈ పటాలు పనికొస్తాయి. అందుకే చాలా బృందాలు స్పష్టమైన నిర్దేశాంకాలను బయటపెట్టవు. గుప్తనిధుల పేరుతో నంది విగ్రహాల కింద తవ్వే ముఠాలున్న మన దగ్గర ఆ జాగ్రత్త ఇంకా అవసరం.

యంత్రానికి లొంగనివి కూడా కొన్ని ఉన్నాయి. అద్దంలా మెరిసే నల్లరాయి వాటిలో ఒకటి. రామప్ప గుడి స్తంభాలనూ మదనికలనూ కాకతీయ శిల్పులు ఎంత నునుపు చేశారంటే, లేజర్ వెలుగు వచ్చిన దారిన తిరిగి వెళ్ళకుండా పక్కకు జారిపోతుంది. నలుపు మరికొంత మింగేస్తుంది. ఫలితంగా ఆ బిందువుల్లో ఖాళీలు, అబద్ధపు లోతులు వస్తాయి. ఫ్యాక్టరీల్లో అయితే వస్తువు మీద తెల్లటి పొడి చల్లి స్కాన్ చేస్తారు. 1213 నాటి గుడి మీద అది కుదరదు. పలు కోణాల నుంచి కొలిచి, మెరుపును అణచే వడపోతలతో తీసిన ఫొటోలను జోడించి సరిదిద్దుకోవాలి. నీళ్ళు, గాజు, కదిలే ఆకులు, భక్తుల రద్దీ కూడా ఇలాంటి ఇబ్బందులే. అన్నిటికంటె పెద్ద పరిమితి, లేజర్ పైచర్మాన్నే చూస్తుంది. గోడ లోపలి పూరింపు, పునాది కింది ఇసుక దానికి తెలియవు. వాటిని చూడాలంటే లోపలికి తరంగాలు పంపే రాడార్ కావాలి. పూరీ జగన్నాథ ఆలయ రత్నభాండారంలో 2024లో ఆ పని చేసింది హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థే.

కొలిచినదాంతో నకలు చేయవచ్చు. 1963లో సందర్శకులకు మూసేసిన ఫ్రాన్స్‌లోని లాస్కో గుహకు స్కాన్ ఆధారంగా పూర్తి నకలు 2016 డిసెంబరులో తెరుచుకుంది. టుటంఖామన్ సమాధి గదిని ఫాక్టమ్ ఆర్టే బృందం 2009లో కొలిచి చేసిన నకలు 2014 నుంచి లక్సర్‌లో ఉంది. జనం ఊపిరి తేమ నుంచి అసలు బొమ్మలను కాపాడటానికి ఇది మంచి మార్గమే. గొడవ మొదలయ్యేది నకలు ఎవరిది అన్నచోట. బెర్లిన్ మ్యూజియంలోని నెఫర్టితి శిల్పం స్కాన్ కోసం ఒక అమెరికన్ కళాకారుడు సమాచార హక్కు చట్టం కింద మూడేళ్ళు పోరాడితే 2019లో గానీ చేతికి రాలేదు. 2022లో పార్థెనాన్ శిల్పాలను స్కాన్ చేసేందుకు బ్రిటిష్ మ్యూజియం అనుమతి ఇవ్వకపోతే, ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక సంస్థవాళ్ళు మామూలు సందర్శకుల్లా వెళ్ళి ఫోన్లు, ఐప్యాడ్లతో కొలుచుకొచ్చారు. ఇటలీలో రోబో ఆ కొలతలతో పాలరాయి చెక్కింది. అమరావతి ఫలకాల స్కాన్లు ఏదో ఒక రోజు తయారైతే, వాటి మీద మొదటి హక్కు అమరావతి బడిపిల్లలకు ఉండాలని అడగడం అత్యాశ కాదు. ప్రజల సొమ్ముతో కొలిచిన ప్రజల ఆస్తి పాస్‌వర్డు వెనక ఉండటానికి, దొంగల భయమున్న చోట్లు తప్ప, న్యాయమైన కారణం కనబడదు.

ఇక దాచడం. 1086లో ఇంగ్లండ్ రాజు రాయించిన డూమ్స్‌డే పుస్తకం తొమ్మిది వందల ఏళ్ళ తర్వాతా చదవడానికి వీలుగా ఉంది. ఆ వార్షికోత్సవానికి 1986లో బీబీసీ పది లక్షలమందికి పైగా జనం చేయి వేసిన డిజిటల్ డూమ్స్‌డేను లేజర్ డిస్కుల మీద తెచ్చింది. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలే కరవయ్యాయి. పరిశోధకులు ప్రత్యేకంగా శ్రమపడి సమాచారాన్ని బయటికి లాగవలసి వచ్చింది. ఒక్క పెద్ద గుడి స్కాన్ వందల గిగాబైట్లు, కొన్నిసార్లు టెరాబైట్లు. ఏ కంపెనీకీ కట్టుబడని ఫార్మాట్లలోకి మార్చి, రెండు మూడు ఊళ్ళలో ప్రతులు ఉంచి, కొన్నేళ్ళకోసారి కొత్త డిస్కుల్లోకి ఎక్కించేవాళ్ళు కావాలి. స్కాన్‌కు టెండరు పిలిచిన కాగితంలోనే ఈ ఖర్చు రాయకపోతే, ఆ స్కాన్ ఎవరి బీరువాలోనో పాడైపోతుంది. ఏ యంత్రం, ఏ రోజు, ఎంత సూక్ష్మత, ఏ భాగం అందలేదు అన్న చిట్టా కూడా దానితోపాటే ఉండాలి.

భారతదేశంలో ఈ పని మొదలు కాలేదని కాదు. స్కాట్లండ్ ప్రభుత్వ వారసత్వ సంస్థ, గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్, సైఆర్క్ కలిసి చేపట్టిన స్కాటిష్ టెన్ ప్రాజెక్టు, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థతో కలిసి 2011లో గుజరాత్‌లోని రాణీ కీ వావ్‌ను కొలిచింది. ఏడంతస్తుల లోతు, వందలాది శిల్పాలు, ప్రతి శిల్పం వెనక నీడ. స్కానర్‌కు అంతకన్నా కఠిన పరీక్ష ఉండదు. 2014లో ఆ మెట్లబావి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం హంపిని కేంద్రంగా చేసుకుని డిజిటల్ వారసత్వ ప్రాజెక్టు నడిపింది. ఇవన్నీ మంచి ఆరంభాలు. కానీ లెక్క వేరే చోట ఉంది: కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలు 3,600కు పైనే, రాష్ట్రాలవి, ఎవరి రక్షణా లేనివి అంతకు ఎన్నో రెట్లు. 2013లో కాగ్ నివేదిక 92 రక్షిత కట్టడాల ఆచూకీ లేదని రాసింది. కనీసం ఎక్కడుందో తెలియడానికి లేజర్ అక్కర్లేదు, తిరిగి చూసే మనిషి చాలు.

తెలుగు రాష్ట్రాల్లో స్కానింగ్ అవసరం అన్నిటికంటె ముందు వచ్చేది విప్పే పనుల దగ్గర. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయి విప్పారు. తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. విప్పిన రాళ్ళు ఏళ్ళ తరబడి ఆరుబయట గుట్టలుగా ఉంటే నంబర్లు చెరిగిపోతాయి, పాత మేస్త్రీ పదవీ విరమణ చేస్తాడు, కొత్తవాడికి ఏది ఎక్కడిదో వెతుకులాట. ప్రతి రాయికీ ఆరు ముఖాల స్కాన్ ఉంటే, రాళ్ళు కదలకముందే తెర మీద వాటిని పేర్చి చూసుకోవచ్చు. రాయి విప్పే ముందు స్కాన్ తప్పనిసరి అన్న ఒక్క నిబంధన చాలు, సగం తలనొప్పి తీరుతుంది.

ముంపు సంగతి ఇంకా తొందరైనది. నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వారు. నీళ్ళు రాకముందే చేతనైనన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి తిరిగి కట్టారు. టేపులు, గొలుసులు, ప్లేన్ టేబుళ్ళతో ఆ తరం చేసిన పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ లోయ నేల తీరు, దారులు, ఇక్ష్వాకుల పట్టణం విస్తరణ అంగుళం అంగుళం నమోదు చేసే సాధనం వాళ్ళకు లేదు. ఇవాళ పోలవరం ముంపు కిందికి వచ్చే గోదావరి ఒడ్డు గ్రామాల్లో ఇనుప యుగపు సమాధులున్నాయి. ఆ నేల మీద నీళ్ళు నిలవకముందు లైడార్‌తో ఒకసారి ఎగరడానికి అయ్యే ఖర్చు ప్రాజెక్టు మొత్తం ఖర్చులో లెక్కకు రానంత చిన్నది.

నల్లమలలాంటి అడవుల్లో మాయా అడవులకన్నా పని సులువు కావచ్చు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే వర్షారణ్యం కాదది. ఎండాకాలం ఆకు రాలి కొమ్మలు బోసిపోతాయి, లేజర్ నేలను తేలికగా తాకుతుంది. పాత కోటలు, దారులు, చెరువు కట్టలు, రాతి గూళ్ళు చూడటానికి మార్చి, ఏప్రిల్ నెలలు సరైన అదను.

ఎగరకముందే ఇప్పటికే ఉన్నది చూడటం కూడా తెలివైన పని. మెక్సికోలోని కాంపేచే రాష్ట్రంలో 2013లో అడవుల్లో ఎంత కర్బనం ఉందో లెక్కగట్టడానికి లైడార్ సర్వే జరిగింది. ఆ సమాచారం ఇంటర్నెట్‌లో పడి ఉంటే, ల్యూక్ ఆల్డ్-థామస్ అనే పరిశోధక విద్యార్థి దాన్ని పురావస్తు దృష్టితో మళ్ళీ చదివాడు. 6,764 కట్టడాలు, వాటి మధ్య వలేరియానా అని పేరు పెట్టిన ఒక నగరం కనిపించాయి. 2024 అక్టోబరులో వివరాలు అచ్చయ్యాయి. మన దేశంలో కేంద్ర పర్యావరణ శాఖ కోసం వాప్‌కోస్ సంస్థ అడవుల్లో నీటి నిల్వలు, ఇంకుడు నిర్మాణాలు ఎక్కడ కట్టాలో తేల్చేందుకు 26 రాష్ట్రాల్లో లైడార్ సర్వే చేపట్టింది. పది రాష్ట్రాల నివేదికలు 2021 జూన్‌లో వెలువడ్డాయి. మన ఇరుగుపొరుగు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వాటిలో ఉన్నాయి. కొత్త కుంట ఎక్కడ తవ్వాలో చెప్పే ఆ నేల పటంలో పాత కుంటలు, గట్లు, గోడలు కూడా ఉండే అవకాశం ఉంది. రాష్ట్ర పురావస్తు శాఖలు ఆ ఫైళ్ళు అడిగి తెప్పించుకుని, చరిత్ర చదివిన ఇద్దరు పిల్లలను ఒక కంప్యూటరు ముందు ఆరు నెలలు కూర్చోబెట్టడానికి హెలికాప్టరూ అక్కర్లేదు, కొత్త స్కానరూ అక్కర్లేదు.